గుడిగానంలో ఒపెరా గొంతు: వెనిస్ బరోక్ సంగీతం

పదహారో శతాబ్దపు ఇటలీ చర్చిలలో భక్తిసంగీతం అంటే ప్రధానంగా బృందగానమే. నాలుగైదు స్వరపంక్తులు ఒకదానితో ఒకటి అల్లుకుంటూ సాగేవి. ఏ గొంతూ మిగతావాటిని మించి వినిపించేది కాదు. 1600 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో పుట్టిన ఒపెరా పద్ధతి వేరు. అక్కడ ఒక్కరు పాడతారు, వాద్యాలు ఆసరాగా నిలుస్తాయి, మాటలోని శోకమో ఆనందమో సూటిగా పాటలో పలుకుతుంది.

ఈ రెండు దారులనూ కలిపినవారిలో అగ్రగణ్యుడు క్లాడియో మాంటెవెర్డి. ఆయన ఒపెరా ‘ఓర్ఫెయో’ను 1607లో మాంటువాలో ప్రదర్శించారు. 1610లో అచ్చయిన ‘వెస్పర్స్’ మేరీమాతకు అంకితమైన సాయంకాల ప్రార్థనల సంగీతం. ‘ఓర్ఫెయో’కు నాందిగా మోగిన వాద్యసంగీతమే దీని ఆరంభంలోనూ వినిపిస్తుంది, దానికి తోడుగా బృందం కదలని స్వరాలపై ప్రార్థన పలుకుతుంది. 1613లో మాంటెవెర్డి వెనిస్ సెయింట్ మార్క్ బసిలికాకు సంగీతాధిపతి అయ్యాడు. అదే నగరంలో 1637లో టికెట్ కొన్న ఎవరైనా చూడగలిగే తొలి ఒపెరా థియేటర్, శాన్ కాసియానో, తెరుచుకుంది. అప్పటినుంచి చర్చికీ రంగస్థలానికీ ఒకే స్వరకర్తలు రాయడం మామూలైపోయింది.

ఆంటోనియో వివాల్డి అలాంటివాడే. 1703లో మతగురువై, అదే ఏడాది వెనిస్‌లోని పియెటా బాలికల అనాథాశ్రమంలో వయొలిన్ నేర్పడం మొదలుపెట్టాడు. 1713 నుంచి ఒపెరాలూ రాశాడు. పియెటా అమ్మాయిలు పై వసారాలో జాలీల వెనక నిలబడి పాడేవారు. 1715 ప్రాంతంలో ఆయన రాసిన దైవస్తుతి ‘గ్లోరియా’లో 12 భాగాలున్నాయి. మొదటి భాగంలో తీగవాద్యాలు, ట్రంపెట్, ఓబో ఉత్సాహంగా దూకుతుంటే బృందం ఒక్క గొంతుకై ఘోషిస్తుంది. ఒక సొప్రానో గీతం ఓబో జతగా, ఒపెరాలో పశువుల కాపరుల దృశ్యాలకు వాడే సిసిలియానా నడకలో సాగుతుంది. మరోచోట మంద్రస్వరపు గాయని ఒంటరిగా వేడుకుంటుంటే బృందం మధ్యమధ్య అందుకుంటుంది. ఒపెరా వల్ల బృందగానం చిన్నబోలేదు. నాటకంలో తానూ ఒక పాత్ర అయింది. ముగింపు మాత్రం పాత అల్లిక పద్ధతిలోని ఫ్యూగ్. 1716 నాటి ఆయన బైబిల్ కథాగానం ‘జుడితా ట్రయంఫాన్స్’లో పురుషుడైన సేనాపతితో సహా పాత్రలన్నీ పియెటా అమ్మాయిలే పాడారు.

ఈ పోకడ మితిమీరుతోందన్న అభ్యంతరాలూ వచ్చాయి. చర్చి సంగీతం థియేటర్ సంగీతంలా ఉండరాదని పోప్ 14వ బెనెడిక్ట్ 1749లో లేఖ ద్వారా ఆదేశించాడు. వివాల్డి మరణానంతరం మరుగునపడిన ‘గ్లోరియా’ 1939లో సియెనాలో మళ్ళీ వినిపించింది. నేడు ప్రపంచమంతటా బృందాలు దాన్ని పాడుతున్నాయి.