నకల్, నదామత్, ఇమామ్ గజాలీ

"అబ్బా, మీరెప్పుడైనా నకల్ కొట్టారా?"

డిగ్రీ ఇమ్తెహాన్‌లకు తయారవుతున్న మా అమ్మాయి మొన్న దస్తర్‌ఖాన్ దగ్గర అడిగింది. వాళ్ల క్లాసులో ఎవరో స్లిప్పులతో దొరికారట. "ముందు అన్నం తిను బేటీ" అన్నాను. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఎందుకంటే నేనూ కొట్టాను.

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఘజల్‌లో బహర్ పట్టుకునే చెవికి గురువు, లఘువు ఒక పట్టాన ఎక్కలేదు. ఛందస్సు పరీక్ష నాడు ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ, చంపకమాలకు న-జ-భ-జ-జ-జ-ర అని చిన్న కాగితం మీద రాసుకుని, చొక్కా చేతి మడతలో పెట్టుకుపోయాను. ఎవరూ పట్టుకోలేదు. పాసయ్యాను. అబ్బాజాన్ మొహల్లా అంతా మిఠాయి పంచారు. ఆ మిఠాయి నా గొంతు దిగలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ రుచి గుర్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక మన బుజుర్గుల తాలీం తరీఖా గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టిన విషయం ఇది. మన తారీఖ్‌లో 'నకల్' అనేది ఇజ్జత్ ఉన్న మాట. మదర్సాల్లో ఇల్మ్‌ను రెండు భాగాలు చేసేవారు. అఖల్‌తో తేల్చుకునేవి మాఖూలాత్. ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చినవి మన్‌ఖూలాత్. హదీస్ ఇల్మ్ అంతా నకలే. అయితే ఆ నకల్‌కు ఒక షరతు ఉంది. ఎవరి దగ్గర విన్నావో పేరు చెప్పాలి. ఆ పేర్ల గొలుసే ఇస్నాద్. గొలుసులో లోపాన్ని దాచిపెడితే దాన్ని 'తద్‌లీస్' అన్నారు. బజారులో సరుకు ఐబ్ దాచి అమ్మడానికీ అదే మాట.

పాత దమస్కస్ వ్రాతప్రతుల చివర 'సమాఅ' పట్టికలు కనిపిస్తాయి. ఉస్తాద్ ముందు కితాబ్ చదివినప్పుడు ఎవరెవరు హాజరయ్యారు, ఎవరు ఏ భాగం వినలేదు అని వాటిలో రాసి ఉంటుంది. వినని భాగం వినలేదని రాసుకోవడానికి వాళ్లకు సిగ్గు లేదు. విన్నట్టు రాసుకోవడమే సిగ్గు.

ఇమామ్ గజాలీ గురించి ఒక కిస్సా చెబుతారు. కుర్రతనంలో ఆయన జుర్జాన్‌లో చదువుకుని సొంతూరు తూస్‌కు తిరిగి వస్తుంటే దొంగలు సామానంతా దోచుకున్నారు. ఆయన వాళ్ల వెంటపడి, తన నోట్సు ఒక్కటి ఇచ్చేయమని బతిమాలారు. దొంగల సర్దార్ నవ్వాడట. కాగితాలు పోతే పోయే ఇల్మ్ నీ దగ్గర ఉందని ఎలా అంటావు అని అడిగి, వాటిని తిరిగి ఇచ్చేశాడట. గజాలీ ఆ తర్వాత మూడేళ్లు కూర్చుని వాటిని కంఠస్థం చేశారు. ఈ కిస్సా చదివినప్పుడల్లా నా చేయి చొక్కా మడత మీదికి పోతుంది.

ఆయన అసలు ఇమ్తెహాన్ తర్వాత వచ్చింది. 1091లో బగ్దాద్ నిజామియా మదర్సాలో ఉస్తాద్ అయ్యారు. అప్పటి ఇస్లామీ ప్రపంచంలో అంతకంటే పెద్ద కుర్చీ లేదు. 1095లో తన నియ్యత్‌ను ముహాసబా చేసుకుంటే, పాఠాలు అల్లాహ్ కోసం కాదు, పేరు కోసం చెబుతున్నానని తేలింది. దాదాపు ఆరు నెలలు నలిగిపోయారు. నాలుక పాఠం చెప్పడం మానేసింది. ముద్ద దిగలేదు. జబ్బు గుండెలో ఉందని హకీములు చేతులెత్తేశారు. చివరికి కుర్చీ వదిలి, మక్కాకు వెళుతున్నానని చెప్పి షామ్ వైపు వెళ్లిపోయారు. దాదాపు పదకొండేళ్ల తర్వాత, 1106లో నిషాపూర్‌లో మళ్లీ పాఠం మొదలుపెట్టారు. ఇదంతా మనకు ఎలా తెలుసు? ఎవరూ నిలదీయకుండానే ఆయనే 'అల్ ముంఖిజ్'లో రాసుకున్నారు. మక్కా పేరు చెప్పి బయల్దేరిన సంగతి కూడా దాచలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1951లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ కెన్నెడీ స్పానిష్ పరీక్షకు తన బదులు దోస్తును పంపించాడు. ఇద్దరినీ బయటికి పంపారు. సైన్యంలో పనిచేసి, 1953లో మళ్లీ చేరి, 1956లో డిగ్రీ పూర్తిచేశాడు. అయినా ఆ సంగతి లోకానికి తెలిసింది 1962లో, సెనేట్ ఎన్నికల ముందు, పత్రికలో వచ్చే వేళకు. తప్పు ఒప్పుకున్నాడు, గెలిచాడు కూడా. కానీ అది అడిగాక చెప్పిన జవాబు.

ఇక మన పరీక్షలు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు మొదలైనప్పుడు వాటి ముఖ్యమైన పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టి డిగ్రీ ఇవ్వడం. మార్కులు వేసేవాడు షాగిర్ద్ ముఖం చూడడు. ఇజాజత్ ఇచ్చే ఉస్తాద్‌కు తన షాగిర్ద్ తెలుసు. డిగ్రీ మాత్రం తెలియని వాళ్ల ముందు మన తరఫున షహాదత్ ఇచ్చే కాగితం. కాబట్టి కాపీ కొట్టినవాడు ఉస్తాద్‌ను ఒక్కడినే కాదు, తన తర్వాత వరుసలో నిలబడినవాడిని కూడా మోసం చేస్తాడు.

నాకు మొదటి పత్రికా ఉద్యోగం ఆ తెలుగు డిగ్రీతోనే వచ్చింది. ఇంటర్వ్యూ రోజు నా పక్కన బెంచీ మీద ఇంకో కుర్రాడు కూర్చున్నాడు. అతని పేరు కూడా అడగలేదు.

తౌబాకు ఇమామ్ నవవీ మూడు షరతులు చెప్పారు. గునాహ్ మానేయడం, నదామత్ పడటం, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవడం. అందులో బందాల హక్కు ఉంటే నాలుగోది, ఆ హక్కు తిరిగి ఇచ్చేయడం. మొదటి మూడూ నేను ఎప్పుడో చేశాను. రిటైరైన ఒక తెలుగు మాస్టారి దగ్గర ఏడాది పాటు ఛందస్సు మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు యతి పదో అక్షరానికా, పదకొండో అక్షరానికా అని కాగితం చూడక్కర్లేదు. నాలుగోది మిగిలింది. ఆ కుర్రాణ్ని ఎక్కడ వెతకను? సొత్తు యజమాని దొరకకపోతే అతని పేరున సదఖా చేయమని చాలామంది ఫుఖహా అన్నారు. నేను ముఫ్తీని కాను. ఇతవారాల్లో మొహల్లాలోని ఉర్దూ మీడియం పిల్లలకు ఫీజు లేకుండా తెలుగు చెబుతున్నాను, పేరు తెలియని ఆ కుర్రాడి ఖాతాలో. బాకీ తీరిందని చెప్పే ధైర్యం మాత్రం లేదు.

మర్నాడు ఫజర్ తర్వాత అమ్మాయికి మొత్తం చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దాదాజాన్‌కు చెప్పారా?" అంది. లేదు. ఆయన ఖబర్‌లో ఉన్నారు. ఆ మిఠాయి ఎందుకు తినలేదో ఆయనకు చివరిదాకా తెలియదు.

అమ్మీలకు, అబ్బాలకు నా దరఖాస్తు ఒకటే. మీ పిల్లలు ఎప్పుడైనా ఇలాంటిది చెప్పుకోవడానికి వస్తే, ముందు వినండి. తిట్లు తర్వాత. చెప్పుకునే చోటు ఇంట్లో ఉంటే ఆ బరువు ఇరవై ఏళ్లు మోయనక్కర్లేదు.