నొక్కుల జుట్టు పోషణము: ఒక జనసంఘపు చరిత్రము



చరిత్రమనఁగా రాజుల యుద్ధములును, సంధులును, శాసనములును మాత్రమే యని తలంచుట పొరపాటు. ఇంటి వసారాలోఁ దల్లి తన బిడ్డను ముందు కూర్చుండఁబెట్టుకొని తల దువ్వుటయుఁ జరిత్రమే. అట్టి గృహచరిత్రము నొకదానిని, అనఁగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆఫ్రికా సంతతి స్త్రీలు తమ నొక్కుల జుట్టును బోషించుకొనిన వృత్తాంతమును, మీ ముందుంచఁ బూనితిని. దేశము దూరమైనను, ఇందలి నీతి సంఘముగాఁ గూడిన వారెల్లరకును దగ్గఱిదియే.

ముందుగా నీ జుట్టు స్వభావము నెఱుంగవలయును. ఆఫ్రికా సంతతివారిలోఁ దఱచుగాఁ గానవచ్చు వెండ్రుక గడియారపు కమానువలెఁ జుట్టలు చుట్టుకొని పెరుగును. చర్మములోని రోమకూపము వంకరగా నుండుటయు, వెండ్రుక గుండ్రముగాఁ గాక నొక్కినట్లు చదునుగా నుండుటయు నిందులకుఁ గారణములు. తలచర్మమున నూరు సహజమైన జిడ్డు నిటారు వెండ్రుకపైఁ జివఱవఱకు సులువుగాఁ బ్రాకును. చుట్టలు తిరిగిన వెండ్రుకపై నట్లు ప్రాకఁజాలదు. కావున మొదళ్లు జిడ్డుగా నున్నను జివఱలు పొడిగా నుండును. అంతియకాక ప్రతి మలుపును ఒక బలహీనస్థానము. ఎండిన జుట్టును సన్నపండ్ల దువ్వెనతో లాగినచో నా మలుపులకడనే తెగును. ఈ జుట్టు పొడవుగాఁ బెరుగదను లోకాపవాదము దీనివలనఁ బుట్టినదే. నిజమునకుఁ బెరుగకపోవుట లేదు, పెరిగినది తెగిపోవుచున్నది. ఈ భేదమును గ్రహించినవారికిఁ బోషణవిధానమంతయు సుబోధమగును.

పశ్చిమాఫ్రికా స్త్రీ లీ విషయమును శాస్త్రగ్రంథములు పుట్టకముందే యనుభవమున నెఱిఁగియుండిరి. అచ్చట షియా యను వృక్షము కలదు. దాని గింజలనుండి తీసిన వెన్నను వంటకును, ఒంటికిని, తలకును వాడుదురు. స్కాట్లండు దేశీయుఁడగు ముంగో పార్కు 1795 మొదలు 1797 వఱకు నాప్రాంతమున సంచరించి, గింజల నెండఁబెట్టి నీటిలోఁ గాఁచి యీ వెన్నను దీయు విధమును, ఉప్పు లేకయే యది యేఁడాది పొడుగున నిలువయుండుటను దన గ్రంథమున వర్ణించెను. వెడల్పు పండ్ల కొయ్యదువ్వెనయు, వెన్నయు, గంటలకొలఁదిఁ గూర్చుండి యొకరికొకరు జడలల్లుకొను తీరికయు నచ్చటి కేశపోషణమునకు మూఁడు సాధనములు.

బానిసలుగా నోడలపైఁ గొనిపోఁబడినవారికి నీ మూఁడును దక్కకపోయెను. తోఁటలలో సూర్యోదయమునుండి యస్తమయమువఱకుఁ బని. తల చూచుకొనుటకు ఆదివార మొక్కటియే గతి. దువ్వెన లేనిచోట గొఱ్ఱెబొచ్చు నేకు ముండ్లపలకతో దువ్వుకొనిరి. వెన్న లేనిచోట వంటింటి కొవ్వును రాచుకొనిరి. జుట్టును బాయలుగాఁ దీసి నూలుదారముతోఁ జుట్టి, తలగుడ్డ కట్టి, వారమంతయు నా చుట్టును గాపాడుకొనిరి. సాధనములు పోయినను విద్య పోలేదు.

ఆ తలగుడ్డకును ఒక చరిత్రము కలదు. స్పెయిను ప్రభుత్వమున నుండిన లూసియానాలో గవర్నరు మీరో 1786 సంవత్సరమున, స్వతంత్రలైన నల్లజాతి స్త్రీలు ఈకలతోను నగలతోను శిరోజముల నలంకరించుకొనఁగూడదనియుఁ, దలకు గుడ్డ చుట్టుకొనవలె ననియు శాసించెను. వారిని దక్కువవారినిగాఁ జూపుటయే యా శాసనోద్దేశము. ఆ స్త్రీలు శాసనమును మీఱలేదు. వన్నెవన్నెల పట్టువస్త్రములను సొగసుగాఁ జుట్టుకొని యవమానచిహ్నమునే యలంకారముగా మార్చిరి.

1865లో బానిసత్వము రద్దయ్యెను. పేదఱికము రద్దు కాలేదు. 1867 డిసెంబరు 23వ తేదీని లూసియానాలోని డెల్టా గ్రామమున, నంతకుముందు బానిసలైయుండిన దంపతులకు శారా బ్రీడ్లవ్ అను బాలిక జన్మించెను. ఏడవయేఁటఁ దలిదండ్రులను, ఇరువదవయేఁట భర్తను గోల్పోయి, చంకబిడ్డతో సెయింట్ లూయీ నగరముఁ జేరి బట్టలుదుకుచు జీవించెను. ఇండ్లలోఁ గొళాయినీరు లేని కాలమది. తలంటు అరుదు, తలచర్మ వ్యాధులు మెండు. ఆమె జుట్టును రాలిపోసాగెను. అదే కాలమున ఆనీ టర్న్‌బో మలోన్ అను మఱియొక నల్లజాతి స్త్రీ ‘పోరో’ యను పేరఁ గేశౌషధముల నమ్ముచుండెను. శారా కొంతకాల మామె సరకులనమ్మి, పిమ్మటఁ దానే లేపన మొకటి సిద్ధముచేసి, 1906లోఁ జార్లెస్ జోసెఫ్ వాకరును వివాహమాడి మేడమ్ సి. జె. వాకర్ అను పేరఁ బ్రసిద్ధి కెక్కెను.

ఆమె లేపనమున గంధకమును, మైనమును, వాసెలిన్ వంటి జిడ్డును ముఖ్యద్రవ్యములు. వానికంటె ముఖ్యమైనది యామె బోధించిన యాచారము: తలను దఱచుగాఁ గడుగుఁడు, చర్మమును శుభ్రముగా నుంచుఁడు, పిదప లేపనము రాయుఁడు. కాఁచిన దువ్వెనయు నా పద్ధతిలో నుండెను. అది నొక్కులను జదునుచేసి యితరులను బోలింపఁజేయుట యని కొందఱు విమర్శించిరి. తన పని జుట్టును ఆరోగ్యముగాఁ బెంచుటయే కాని చదునుచేయుట కాదని యామె వాదించెను. ఆ వివాద మామెతో ముగియలేదు.

1917 ఆగస్టు చివర ఫిలడెల్ఫియాలో ఆమె శిష్యురాండ్ర ప్రథమ వార్షిక మహాసభ జరిగెను. ఇన్నూఱుమందికిఁ బైగా స్త్రీలు కూడిరి. వారిలోఁ బెక్కండ్రు మునుపు చాకిరేవులలోను పరుల వంటయిండ్లలోను బనిచేసినవారే. ఆ సభలో మిక్కిలిగా సరకమ్మినవారికే కాక, తమ యూరి ధర్మకార్యములకు మిక్కిలిగా దానము చేసినవారికిని బహుమానము లీయఁబడెను. ఆ యేఁటి జూలైలో ఈస్టు సెయింట్ లూయీలో నల్లజాతివారు హత్యచేయఁబడిరి. ఆ సభ యంతటితో మౌనము వహింపక, యట్టి యన్యాయములను మాన్పుఁడని ప్రెసిడెంటు విల్సనునకుఁ దంతి నంపెను. 1919 మే 25వ తేదీని మరణించుటకుఁ గొంచెము ముందు వాకర్ విచారణ లేని హత్యల నెదిరించు నిధికి 5,000 డాలర్లు వాగ్దానము చేసెను. తలనూనె కొఱకుఁ గూడిన స్త్రీలు ధర్మముకొఱకు నిలిచిరి. సంఘమన నిదియే కదా!

తరువాతి తరములలో క్షారద్రవ్యములతో జుట్టును జదునుచేయుట వ్యాపించెను. 1960లలో యువజనులు నొక్కుల జుట్టును సహజరూపముననే గర్వముతో ధరించిరి. అయినను గొలువులలోను బడులలోను నిషేధములు నిలిచియుండఁగా, 2019లోఁ గాలిఫోర్నియా రాష్ట్రము సహజమైన జుట్టును, జడలను గారణముగాఁ జూపి వివక్ష చూపరాదని చట్టముచేసెను. పిమ్మట మఱికొన్ని రాష్ట్రములు నట్లే చేసెను. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, చదునుచేయు రసాయనములను దఱచుగా వాడిన స్త్రీలలో గర్భాశయపు క్యాన్సరు హెచ్చుగాఁ గానవచ్చినదని ప్రకటించిరి. కావున నింటి పోషణము సౌందర్యవిషయము మాత్రమే కాదు, ఆరోగ్యవిషయమును.

ఆ విధానము సుకరము. వారమునకో పక్షమునకో యొకసారి మృదువైన శాంపూతోఁ దలచర్మమును గడుగవలయును. అటుపిమ్మటఁ జివఱలకుఁ గండిషనరు పట్టించి, తడి యాఱకముందే వెడల్పు పండ్ల దువ్వెనతోఁ జివఱలనుండి మొదళ్లవైపునకుఁ జిక్కు తీయవలయును. నూనె తేమను బుట్టింపదు. ఉన్న తేమను నిలుపును. కావున నీటి తడి యుండఁగానే నూనెయో షియావెన్నయో రాయవలెను. కొబ్బరినూనె వెండ్రుకలోనికిఁ జొచ్చి దానిలోని మాంసకృత్తులు నష్టము గాకుండఁ గాచునని ముంబాయి శోధకులు 2003లోఁ జూపిరి. తలంటుటకు ముందు నూనె పెట్టి, పిదపఁ గుంకుడురసముతోఁ గడుగు మన పెద్దల యాచారమున కిది యొక సమర్థనము. ఐనను కుంకుడురసము జిడ్డును గట్టిగా హరించును. ఉంగరముల జుట్టు గల మన యాఁడుబిడ్డలకుఁ దలంటిన పిదప మరల నించుక నూనె తడిపై రాయుట మేలు. రాత్రి పట్టుగుడ్డ చుట్టుకొని పరుండినచో నొరపిడి తగ్గును. జడను బిగించి లాగరాదు. లాగినచో నుదుటి యంచున జుట్టు రాలి, కాలక్రమమున మరల మొలవకపోవచ్చును. మచ్చలుగా రాలినచోఁ జర్మవైద్యునిఁ జూడవలయును.

మహాశయులారా! లోకము హేళనచేసిన దానిని ఆ తల్లులు సిగ్గుపడి దాఁచలేదు. దాని స్వభావ మెఱిఁగి పోషించిరి. ఇంటిలోఁ బుట్టిన యా విద్య వృత్తియై, వృత్తి సభయై, సభ ధర్మమునకు నోరయ్యెను. మన యిండ్లలోను అమ్మమ్మల చేతులయందుఁ బేరు లేని విద్య లెన్నియో కలవు. వానిని గుర్తించి, వ్రాసియుంచి, నేర్చినవారిని గౌరవించుట సంఘములకును బోషకులకును దగిన పని. బిడ్డకుఁ దల దువ్వునపుడు "ఇది చెడ్డ జుట్టు" అని యెవ్వరును బలుకకుందురుగాక! ఆ మాట యాఁగినచోటనే యాత్మగౌరవము మొలకెత్తును.