కట్టని గోపురం, నిలిచిన శిల్పం

ఉద్యోగకాలంలో మనలో చాలామందిమి ప్లాన్లు, ఎస్టిమేట్లు చూసినవారమే. మంజూరై కూడా కాగితం దాటని పనులు మనకు కొత్త కాదు. నేను ముప్పైయేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినందున కట్టని కట్టడాల చరిత్ర అంటే నాకు మక్కువ. వాటిలో తలమానికమైనది టాట్లిన్ గోపురం.

1917 విప్లవానంతరం, నేడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌గా పిలిచే పెట్రోగ్రాడ్ నగరంలో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ సంస్థకు ఒక మహాసౌధం తలపెట్టారు. రూపకర్త వ్లదిమిర్ టాట్లిన్. ఎత్తు 400 మీటర్లు, అంటే 1889లో పూర్తయిన పారిస్ ఈఫిల్ టవరు కంటే సుమారు వంద మీటర్లు ఎక్కువ. ఒకవైపు ఒరిగిన ఇనుప చట్రం, దానిని చుట్టుకుని పైకెక్కే జంట మెలికలు, లోపల నాలుగు గాజు మందిరాలు. అడుగున ఉన్న ఘనాకార మందిరం ఏడాదికొకసారి, దానిపై పిరమిడ్ నెలకొకసారి, ఆపైన స్తూపాకార మందిరం రోజుకొకసారి, కొసన అర్ధగోళం గంటకొకసారి తిరగాలి!

1920 నవంబరులో కొయ్య నమూనాను పెట్రోగ్రాడ్‌లో ప్రదర్శించారు. అంతర్యుద్ధంతో చితికిన దేశంలో అంత ఇనుము ఎక్కడిది? పని పునాది దాకా కూడా రాలేదు. 1953లో టాట్లిన్ కన్నుమూశాడు. అసలు నమూనా కూడా దక్కలేదు.

అయినా కథ ముగియలేదు. మిగిలిన ఫొటోలు, 1920లో నికొలాయ్ పూనిన్ ప్రచురించిన చిన్న పుస్తకంలోని గీతలు ఆధారంగా 1968లో స్టాక్‌హోమ్ మ్యూజియంవారు కొత్త నమూనా చేయించారు. 2011లో లండన్ రాయల్ అకాడమీ ముంగిట సుమారు పది మీటర్ల నమూనా వెలసింది. 2007లో చైనా శిల్పి అయ్ వైవై ఆ రూపాన్నే ఉక్కు, గాజుపూసలతో దీపాల గుత్తిగా మలచి, లివర్‌పూల్ రేవు నీటిపై తేలించాడు. పేరు ‘ఫౌంటెన్ ఆఫ్ లైట్’. శ్రామికుల కోసం తలపెట్టిన గోపురం చివరకు జమీందారు హాలులోని షాండ్లియర్‌లా మెరిసింది! ఆ చమత్కారంలోనే ఒక శతాబ్దపు ఆశ, నిరాశ రెండూ ఉన్నాయని నాకనిపిస్తుంది.

ఒక్కటి గమనించండి. ఆ గోపురాన్ని బ్రతికించినవి ఇనుము, సిమెంటు కావు, కొన్ని కాగితాలు. మన ఇళ్ళ అటకలమీద పాత డ్రాయింగులు, బ్లూప్రింట్లు, ఫొటోలు ఉంటే తూకానికి వేయకండి. వాటి వెనుక ఊరిపేరు, సంవత్సరం వ్రాసి పిల్లలకు అప్పగించండి. కట్టినవాటికి శిలాఫలకాలున్నాయి. కట్టనివాటికి సాక్ష్యం మనమే.