మందును పుట్టించిన మేత

యాంటీబయాటిక్స్ చరిత్ర అనగానే మనకు కనుగొన్నవాళ్లే గుర్తొస్తారు. గాజుపళ్లెంలో బూజును గమనించిన ఫ్లెమింగ్, మట్టి బాక్టీరియాను జల్లెడపట్టిన వాక్స్‌మన్. మన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనను నడిపిస్తున్న రోజుల్లో, మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ రాబట్టిన డగ్గర్ కూడా ఆ వరసలోని వాడే. వీళ్ల ఘనతను తగ్గించనక్కర్లేదు. అయితే జీవి దొరికినంత మాత్రాన రోగికి మందు అందదు. ఆ దూరాన్ని దాటించిన వాటిలో ఆ జీవికి పోసే మేతది, ముఖ్యంగా అందులోని చక్కెరది, చాలా పెద్ద పాత్ర. చరిత్రలో దానికి దక్కిన చోటు మాత్రం చాలా చిన్నది.

1941 జులైలో పెన్సిలిన్ పరిశోధకులు ఫ్లోరీ, హీట్లీ అమెరికా చేరేనాటికి వాళ్లు పనిచేసిన ఆక్స్‌ఫర్డ్‌లో మిల్లీలీటరు ద్రవానికి ఒకటి రెండు యూనిట్ల పెన్సిలిన్ వస్తే గొప్ప. ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలోని వ్యవసాయశాఖ ప్రయోగశాలలో ఆండ్రూ మోయర్, హీట్లీ కలిసి పనిచేశారు. మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీసే మిల్లుల్లో గింజలు నానబెట్టిన నీళ్లు మిగిలిపోయేవి. ఆ నీటిని చిక్కబరిచి పెన్సిలిన్ ఇచ్చే బూజుకు పోశారు. అంతవరకూ వాడుతున్న చక్కెర తీసేసి పాలలో ఉండే లాక్టోజ్ వేశారు. ఈ రెండు మార్పులతో దిగుబడి పదిరెట్లు దాటింది. తర్వాత మోయర్ ఈ ఫలితాలను హీట్లీ పేరు లేకుండా ప్రచురించడం అన్యాయమే. అయినా పని విలువ దానివల్ల తగ్గదు. గ్లూకోజ్ దొరికితే బూజు దాన్ని గబగబా తిని ఒళ్లు పెంచుకుంటుంది, పెన్సిలిన్ జోలికి పోదు. లాక్టోజ్ నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ఎదుగుదల మందగించి, మందు తయారీ చాలా రోజులు సాగుతుంది.

అసలు ఘనత మేతది కాదు, మెరుగైన జాతులదే అనేవాళ్లున్నారు. 1943లో పియోరియా బజారులో దొరికిన కర్బూజా పండు మీది బూజు, దాన్ని కిరణాలకు గురిచేసి తీసిన రకాలు దిగుబడిని ఎంతో పెంచిన మాట నిజమే. కానీ అనువైన మేత లేకపోతే మేలుజాతికి సైతం దాని సత్తా చూపే వీలుండదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. గ్లూకోజ్‌నే కొద్దికొద్దిగా, ఆగకుండా అందిస్తే లాక్టోజ్‌తో పనిలేదని 1950లలో విస్కాన్సిన్‌లో మార్విన్ జాన్సన్ బృందం చూపించింది. ఇది నా వాదనకు దెబ్బ కాదు, దాన్ని సరిదిద్ది నిలబెట్టే సాక్ష్యం. మహిమ లాక్టోజ్‌లో లేదు, చక్కెర అందే వేగంలో ఉంది.

పెన్సిలిన్ బూజు నుంచి వస్తుంది, మట్టి బాక్టీరియా సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. వాక్స్‌మన్, వుడ్రఫ్ 1940లో స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా నుంచి ఆక్టినోమైసిన్ తీశారు. గ్లూకోజ్ ఉన్నంతసేపూ ఆ మందు తయారీకి కావలసిన ఒక ఎంజైము పుట్టకుండా అణగిపోతుందని 1972లో గాలో, కాట్జ్ నిరూపించారు. గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ ఉంటే బాక్టీరియా ముందు గ్లూకోజ్‌ను ఖాళీ చేసి, గాలక్టోజ్‌కు మళ్లాకే మందు చేయడం మొదలుపెడుతుంది. కర్మాగారాల్లో చేతి అనుభవంతో తెలిసిన విషయానికి కణంలోని కారణం దొరకడానికి ముప్ఫై ఏళ్లు పట్టిందన్నమాట. స్ట్రెప్టోమైసిన్ మాత్రం ఈ లెక్కకు పూర్తిగా లొంగదు. షట్జ్, వాక్స్‌మన్ 1944లో ప్రకటించిన ఆ మందు గ్లూకోజ్ కలిపిన ద్రవంలోనే తయారైంది. ఆ అణువులోని మూడు భాగాల కార్బన్ ప్రధానంగా గ్లూకోజ్ నుంచే వస్తుంది. అంటే చక్కెర ఒకచోట అడ్డు, మరోచోట ముడిసరుకు. అందుకే ఏ జీవికి ఏది, ఎప్పుడు, ఎంత అన్నది విడివిడిగా తేల్చుకోక తప్పలేదు.

మట్టిలోని బతుకును చూస్తే ఇది అర్థమవుతుంది. తిండి పుష్కలంగా ఉన్నప్పుడు బాక్టీరియా పెరుగుతుంది, కరువొచ్చినప్పుడు పొరుగు సూక్ష్మజీవులను అడ్డుకునే రసాయనాలు చేస్తుంది. కైటిన్‌లోనూ, బాక్టీరియా కణగోడల్లోనూ ఉండే ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్ అనే చక్కెర స్ట్రెప్టోమైసిస్‌కు కలిమిలో ఎదుగుదల సంకేతమని, లేమిలో మందు తయారీ సంకేతమని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది. ప్రయోగశాలలో నోరు విప్పని జన్యువులను మేల్కొలిపి కొత్త మందులు రాబట్టాలని చూస్తున్నవాళ్లు మేతను మార్చి చూడటం ఇందుకే. మన పాఠ్యపుస్తకాల్లో ఫ్లెమింగ్, వాక్స్‌మన్ పేర్ల పక్కన హీట్లీ, మోయర్, కాట్జ్ పేర్లు కూడా చేర్చాలి.