డ్రైవరు (గోల్ఫ్)

డ్రైవరు గోల్ఫ్ ఆటలో బంతిని అత్యధిక దూరం కొట్టడానికి ఉపయోగించే క్లబ్బు. ఆటగాని సంచిలో ఉండే క్లబ్బులలో పొడవైన కాడ, పెద్ద తల కలిగినది ఇదే. నియమాల ప్రకారం ఒక ఆటగాడు గరిష్ఠంగా 14 క్లబ్బులు మాత్రమే తీసుకొని వెళ్ళవచ్చు. వాటిలో డ్రైవరును సాధారణంగా హోలు ఆరంభంలో, టీ అనబడే చిన్న పుల్లపై బంతిని నిలిపి కొట్టడానికి వాడతారు. సరదాగా ఆడే ఔత్సాహికులు ఎక్కువ డబ్బు వెచ్చించే క్లబ్బు ఇదే. సరిగా ఎంచుకోనప్పుడు వారి స్కోరును ఎక్కువగా దెబ్బతీసేది కూడా ఇదే.

చరిత్ర

తొలినాటి డ్రైవర్ల తలలను కొయ్యతో చేసేవారు. అందువలన ఈ తరగతి క్లబ్బులకు "వుడ్సు" అనే పేరు వచ్చి, లోహం వాడుకలోకి వచ్చిన తరువాత కూడా నిలిచిపోయింది. ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికాలో పెరిగే పెర్సిమన్ చెట్టు కలప ఎక్కువగా వాడబడినది. బీడీ ఆకులనిచ్చే తునికి చెట్టు, ఈ పెర్సిమన్ ఒకే ప్రజాతికి (డయోస్పైరోస్) చెందినవి. కాడను హికరీ అనే కలపతో చేసేవారు. ఉక్కు కాడలను బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ సంస్థ 1929లో అనుమతించింది.

1979లో అమెరికాకు చెందిన టేలర్‌మేడ్ సంస్థ ఉక్కు తల గల డ్రైవరును విడుదల చేసింది. 1991లో కాలవే సంస్థ తెచ్చిన బిగ్ బెర్తా, 1995లో అదే సంస్థ టైటానియంతో తయారుచేసిన గ్రేట్ బిగ్ బెర్తా డ్రైవరు తలల పరిమాణాన్ని పెంచాయి. టైటానియం తేలికగా, దృఢంగా ఉండటం వలన బరువు పెరగకుండానే తలను పెద్దదిగా చేయడం సాధ్యమైనది.

నియమాలు

ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి క్లబ్బుల కొలతలను నిర్ణయిస్తాయి.

* తల ఘనపరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించరాదు.
* క్లబ్బు పొడవు 48 అంగుళాలకు మించరాదు. 2022 నుండి పోటీల నిర్వాహకులు కావాలనుకుంటే 46 అంగుళాల పరిమితిని విధించవచ్చు. ఇది ప్రధానంగా వృత్తి ఆటగాళ్ళను ఉద్దేశించినది.
* క్లబ్బు ముఖం స్ప్రింగువలె పనిచేయడంపై కూడా పరిమితి ఉన్నది.

ఈ నియమాలకు లోబడిన డ్రైవర్ల జాబితా ప్రచురించబడుతుంది. ప్రధాన సంస్థల కొత్త డ్రైవర్ల ధర భారతదేశంలో పదుల వేల రూపాయలలో ఉంటుంది. కనుక పలువురు పాతవాటిని కొంటారు. ప్రసిద్ధ సంస్థల పేరుతో నకిలీ క్లబ్బులు కూడా అమ్ముడవుతాయి. నమ్మశక్యం కానంత తక్కువ ధరకు వచ్చేవాటిని కొనేముందు క్రమసంఖ్యను సరిచూసుకోవడం మంచిది.

ఎంపిక

ముఖపు వాలు (లాఫ్టు): డ్రైవరు ముఖం సాధారణంగా 8 నుండి 13 డిగ్రీల వరకు వెనుకకు వాలి ఉంటుంది. వాలు తక్కువైతే బంతి ఎక్కువ దూరం పోతుందన్నది కొత్తవారిలో తరచు కనిపించే అపోహ. బంతి గాలిలో నిలవడానికి తగినంత ఎత్తుకు లేవడం, వెనుకవైపు భ్రమణం రెండూ అవసరం. ఊపు వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటే వృత్తి ఆటగాడు తక్కువ వాలుతోనే వీటిని సాధించగలడు. ఊపు గంటకు 150 కిలోమీటర్లు, అంతకంటె తక్కువ ఉండే ఔత్సాహికుడు అదే క్లబ్బుతో కొడితే బంతి తగినంత లేవక ముందే నేలను తాకుతుంది. అటువంటివారికి 10.5 నుండి 12 డిగ్రీలు, ఊపు ఇంకా నెమ్మదిగా ఉన్నవారికి అంతకంటె ఎక్కువ వాలు మేలు చేస్తుంది.

కాడ (షాఫ్టు): నేటి డ్రైవర్ల కాడలు గ్రాఫైటుతో తయారవుతాయి. వంగే గుణాన్నిబట్టి వీటిని లేడీస్, సీనియర్, రెగ్యులర్, స్టిఫ్, ఎక్స్‌ట్రా స్టిఫ్ అని విభజిస్తారు. ఈ విభజనకు అన్ని సంస్థలూ పాటించే ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక సంస్థవారి రెగ్యులర్ మరొక సంస్థవారి స్టిఫ్‌కు సమానం కావచ్చు. అందువలన అక్షరాన్ని చూసి కాక, కొట్టి చూసి ఎంచుకోవాలి.

పొడవు: దుకాణాలలో దొరికే డ్రైవర్లు ఎక్కువగా 45 నుండి 46 అంగుళాలు ఉంటాయి. పొడవైన కాడ ఊపు వేగాన్ని పెంచుతుంది కాని బంతిని ముఖం మధ్యలో తాకించడం కష్టమవుతుంది. పట్టును ఒక అంగుళం కిందికి జరిపి కొట్టి చూడటం ఖర్చులేని పరీక్ష.

మధ్యలో తాకడం: బంతి వేగం క్లబ్బు వేగానికి సుమారు 1.5 రెట్ల వరకు ఉండగలదు. గంటకు 150 కిలోమీటర్ల ఊపుతో మధ్యలో తాకితే బంతి 225 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అంచున తాకి ఈ నిష్పత్తి 1.4కు పడిపోతే వేగం 210 కిలోమీటర్లే. దీనివలన సుమారు 20 గజాల దూరం పోతుంది. కొత్త నమూనా కొన్నందువలన ఇంత తేడా రావడం అరుదు. ముఖంపై కొద్దిగా టాల్కం పౌడరు చల్లి కొడితే బంతి ఎక్కడ తాకిందో ముద్ర కనబడుతుంది.

వాడుకలో ఇబ్బందులు

కుడిచేతి ఔత్సాహికులను అధికంగా బాధించేది స్లైసు, అనగా బంతి గాలిలో కుడివైపుకు వంగిపోవడం. క్లబ్బు కదిలే దారితో పోల్చినప్పుడు దాని ముఖం కుడివైపుకు తెరుచుకొని ఉండటం దీనికి ప్రధాన కారణం. మడమవైపు, అనగా కాడకు దగ్గరగా బంతి తాకినప్పుడు కూడా ఈ వంపు పెరుగుతుంది. బంతి కుడికి పోతున్నదని ఆటగాడు ఎడమవైపుకు గురిపెడతాడు. అప్పుడు క్లబ్బు బంతికి అడ్డంగా మరింత ఎడమకు కదిలి స్లైసు ఇంకా పెరుగుతుంది. బరువును మడమవైపు అమర్చిన డ్రైవర్లు ఈ దోషాన్ని కొంత తగ్గిస్తాయి. పూర్తిగా మాన్పాలంటే పట్టు, ఊపు సరిచేసుకోవలసినదే.

బంతిని ఎడమ మడమకు ఎదురుగా ఉంచి, దానిలో సగభాగం డ్రైవరు తల పైఅంచుకు ఎగువన కనబడేటంత ఎత్తున టీ గుచ్చడం సాధారణ పద్ధతి. ఇతర క్లబ్బులవలె పైనుండి కిందికి కాక, డ్రైవరుతో బంతిని కొద్దిగా పైకి లేస్తున్న ఊపుతో కొట్టాలి.

తప్పిన దెబ్బకు నియమాలు విధించే శిక్ష పెద్దది. బంతి హద్దు దాటినా, 3 నిమిషాల వెదుకులాటలో దొరకకపోయినా ఒక దెబ్బ శిక్షతో తిరిగి టీ నుండే కొట్టాలి. అనగా నాలుగు దెబ్బల హోలులో ఆటగాడు మూడవ దెబ్బను మొదటి చోటనుండే కొడతాడు. బంతి మనుషులవైపు పోతున్నట్లయితే వెంటనే "ఫోర్" అని గట్టిగా కేకవేసి హెచ్చరించాలి. వేగంగా వచ్చే గోల్ఫ్ బంతి కంటికి, తలకు తీవ్రమైన గాయం చేయగలదు.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న నయా కిల్లాలో 18 హోల్సు మైదానం ఉన్నది. రంగారెడ్డి జిల్లా గచ్చిబౌలి పరిసరాలలో బౌల్డర్ హిల్స్ మైదానం, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నాయి. దక్కను పీఠభూమిలోని మైదానాలలో గండశిలలు సహజం. రాతిని తాకిన బంతి ఎటు పోతుందో చెప్పలేము. కనుక ఇక్కడ దూరంకంటె దిశకు విలువ ఎక్కువ.

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి సాంద్రత కొంత తక్కువ కావడం వలన అదే దెబ్బకు బంతి విశాఖపట్నంలోకంటె సుమారు రెండు శాతం, అనగా 200 గజాలకు నాలుగు గజాలు, అధికంగా పోతుంది. ఋతువుల ప్రభావం ఇంతకంటె పెద్దది. వేసవిలో గట్టిపడిన నేలపై తక్కువ ఎత్తులో పోయే బంతి కూడా దొర్లుకుంటూ చాలా దూరం పోతుంది. వర్షాకాలంలో తడినేలపై బంతి పడినచోటనే ఆగుతుంది. వేసవిలో తక్కువ వాలు డ్రైవరు కొన్నవారికి దాని లోపం జూలైలో తెలుస్తుంది. మండుటెండలో కారు డిక్కీలో వదిలేస్తే తలను కాడకు అతికించిన జిగురు పట్టు సడలే అవకాశం కూడా ఉన్నది.

దూరము - విజయము

డ్రైవరు దూరమే ఆటను నిర్ణయించదనడానికి భారతీయ ఉదాహరణ ఒకటి ఉన్నది. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ టోక్యో ఒలింపిక్సులో (2021 ఆగస్టులో జరిగినవి) నాలుగవ స్థానం పొంది, ఒక్క దెబ్బ తేడాతో పతకానికి దూరమైనది. ఆ పోటీలో బంతిని తక్కువ దూరం కొట్టినవారిలో ఆమె ఒకరు. గ్రీన్ పరిసరాలలో చూపిన నైపుణ్యమే ఆమెను ముందు నిలిపినది. టీ వద్ద డ్రైవరుకు బదులుగా మూడవ నంబరు వుడ్‌ను వాడటానికి ఏ నియమమూ అడ్డుచెప్పదు. ఇరుకైన హోల్సులో అనుభవజ్ఞులైన ఔత్సాహికులు అదే చేస్తారు.

ఇవి కూడా చూడండి

* గోల్ఫ్
* అదితి అశోక్
* గోల్కొండ
* తునికి