ఆంగ్లదేశపు చిన్న పట్టణము – స్వపరిపాలనము

ఇంగ్లండు నైరుతి భాగమున, సోమర్సెట్ సీమలో, పూర్వము ఉన్నిబట్టల నేతకు ప్రసిద్ధికెక్కిన ఫ్రూమ్ అను చిన్న పట్టణము కలదు. 1894 నాటి చట్టము వలన దీనికి ఒక పట్టణ జిల్లా సభ ఏర్పడినది. పారిశుద్ధ్యము, గృహనిర్మాణము మున్నగు పనులను ఆ సభ ఎనుబది ఏండ్లు నడపినది. 1974లో అది రద్దు కాగా, ఆ పనులు మెండిప్ జిల్లా సభకు సంక్రమించినవి. ఊరికి అల్పాధికారములు గల పట్టణ సభ మాత్రమే మిగిలినది. 2023 ఏప్రిల్ 1న మెండిప్ సభయు రద్దై, దాని అధికారములు సోమర్సెట్ సభలో చేరినవి.

పట్టణ సభలో 17 మంది సభ్యులు. వారు ఏటేట తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకొందురు. సభకు వలసిన సొమ్మెంతయో వారే నిర్ణయింతురు. పై సభ దానిని తన పన్నుతో కలిపి వసూలు చేసి ఇయ్యవలెను. చిన్న సభకు గల పెద్ద బలమిదియే.

ఈ బలమును గుర్తించిన స్థానికులు కొందరు ఏ రాజకీయ పక్షమునకును చెందక 2011 ఎన్నికలలో నిలిచి 10 స్థానములు గెలిచిరి. 2015లో 17 స్థానములును వారివే అయినవి. అయినను ఊరి గ్రంథాలయము నేటికిని సోమర్సెట్ సభ అధీనముననే యున్నది. దానిని గూర్చి పట్టణము కోరగలదే గాని శాసింపజాలదు. ప్రజలకు మిక్కిలి చేరువనున్న సభకే అధికారము మిక్కిలి తక్కువ యగుట అచటి స్వపరిపాలనములోని కొరత.