గేజ్ నుంచి గజిని దాకా

‘నేను’ అనేవాడు పుర్రెలో ఎక్కడున్నాడన్న ఆరా సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు. 1828లో ఎడిన్‌బరో న్యాయవాది జార్జ్ కూంబ్ ‘ది కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ మ్యాన్’ అచ్చువేశాడు. పుర్రె మీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి గుణం చెప్పొచ్చన్న ఫ్రెనాలజీయే దానికి పునాది. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో అది డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ కన్నా ఎక్కువ అమ్ముడుపోయింది. శాస్త్రం నిలవలేదు గానీ దానికి దొరికిన పాఠకులు అబద్ధం కాదు.

ఆ ఫ్రెనాలజీ రోజుల్లోనే, 1848 సెప్టెంబరు 13న, అమెరికాలోని కావెండిష్ దగ్గర రైలుమార్గం కోసం బండలు పేలుస్తుంటే మందుగుండు ముందే అంటుకుంది. మూడున్నర అడుగులకు పైనే పొడవు, ఆరు కిలోల బరువున్న ఇనుపకడ్డీ మేస్త్రీ ఫినియాస్ గేజ్ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి చావలేదు సరిగదా, ఎడ్లబండిలో కూర్చుని ఊళ్లోకొచ్చాడు. ఇతను మునుపటి గేజ్ కాడని స్నేహితులు అన్నట్టు, అతనికి వైద్యం చేసిన డాక్టర్ హార్లో 1868లో రాశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పాఠ్యపుస్తకాలు అతన్ని తాగుబోతుగా, దేశదిమ్మరిగా మార్చేశాయి. నిజానికి ఆ ‘పనికిరానివాడు’ చిలీలో ఏళ్ల తరబడి ఆరు గుర్రాల బండి తోలాడు. ఈ సంగతులన్నీ తవ్వితీసి మాల్కం మాక్మిలన్ 2000లో పెద్ద పుస్తకమే రాశాడు. అది ఎందరు చదివారు?

గేజ్ మొహం మాత్రం జనమే పట్టిచ్చారు. పాత ఫొటోలు సేకరించే దంపతులు 2007లో ఒక చిత్రాన్ని ఫ్లికర్‌లో పెట్టారు. ఒక కన్ను మూసుకుపోయి, చేతిలో కడ్డీ పట్టుకున్న అందగాడు. తిమింగలాల వేటగాడనుకున్నారు. చూసినవాళ్లు అది హార్పూన్ కాదన్నారు. ఒకరు గేజ్ కావచ్చన్నారు. హార్వర్డ్‌లో ఉన్న అసలు కడ్డీతో పోలిస్తే, దాని మీద చెక్కిన అక్షరాలతో సహా సరిపోయింది.

1953లో మూర్ఛ తగ్గించడానికి చేసిన శస్త్రచికిత్సతో హెన్రీ మొలైసన్ కొత్త జ్ఞాపకాలు నిలుపుకునే శక్తి పోగొట్టుకున్నాడు. 2008లో చనిపోయేదాకా లోకానికి అతను ‘హెచ్.ఎం.’ మాత్రమే. అలాంటి మతిమరుపు మన ప్రేక్షకులకు తెలిసింది పరిశోధన పత్రాల్లో కాదు, 2005లో ‘గజిని’ సినిమాలో. రోజర్ స్పెరీ మెదడు రెండు అర్ధభాగాల మీద చేసిన పనికి 1981లో నోబెల్ వస్తే, జనానికి మిగిలింది ‘మీరు ఎడమ మెదడా, కుడి మెదడా’ అనే క్విజ్. యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు చూసి, అలాంటి మనుషుల్లేరని 2013లో తేల్చారు. క్విజ్ ఆగలేదు.

మధ్యలో మంచి కాలమూ ఉంది. 1985లో ఆలివర్ శాక్స్, 1998లో మన పొరుగు తమిళనాడు బిడ్డ వి.ఎస్. రామచంద్రన్ తమ పుస్తకాల్లో రోగిని నమూనాగా కాక మనిషిగా చూపించి చదివించారు. 2008లో జిల్ బోల్టీ టేలర్ తన పక్షవాతం గురించి టెడ్ వేదికపై చెప్పిన ప్రసంగాన్ని కోట్లమంది చూశారు. అందులో అనుభవం ఎంత, శాస్త్రం ఎంత అన్నది వేరే లెక్క.

పరిశోధనకు వచ్చే ట్వీట్లనూ వార్తలనూ లెక్కగట్టే ఆల్ట్‌మెట్రిక్ 2011లో మొదలైంది. అది కొలిచేది సందడిని, సత్తాను కాదు. ఎఫ్‌ఎంఆర్‌ఐ మెదడు స్కాన్ల రంగుబొమ్మల మోజు ముదిరిన రోజుల్లోనే, 2009లో, క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించింది. గణాంకాల్లో తగిన సవరణ చేయకపోతే ఆ చేప మెదడూ ‘స్పందించింది’! 2016లో ఆండర్స్ ఎక్‌లండ్ బృందం అదే జబ్బును లోతుగా చూపిస్తే, 40,000 అధ్యయనాలు అనుమానంలో పడ్డాయని పతాక శీర్షికలొచ్చాయి. ఆ పత్రాన్ని అచ్చువేసిన పీఎన్ఏఎస్ పత్రిక ఆ అంకెను తీసేసి వాక్యం దిద్దింది. రచయితల్లో ఒకరైన థామస్ నికల్స్ అంచనాను 3,500 దగ్గరికి దించాడు. పతాక శీర్షికలకెక్కింది మొదటి అంకె. సవరణకు ఆ భాగ్యం లేదు.